ఒక్క పేరు రాయలేదు... బిరుదు రాలేదు!

డబ్బుంది. కోకో తోటలున్నాయి. రాగి గనులున్నాయి. పొలాల్లో బానిసలు పనిచేస్తున్నారు. ఊళ్లో పెద్ద కుటుంబాలు ఏవంటే ముందు చెప్పే నాలుగైదు పేర్లలో వాళ్ల పేరూ ఉంటుంది. లేనిదల్లా ఒక్కటే... పేరు ముందు 'మార్క్విస్' అన్న బిరుదు. దానికోసం రొక్కం కూడా ఎప్పుడో చెల్లించేశారు. అయినా తరాల తరబడి స్పెయిన్ రాజుగారి కొలువు చుట్టూ అర్జీలు పట్టుకుని తిరుగుతూనే ఉన్నారు. ఆఖరికి ఆ బిరుదు రానే లేదు. అందుకు పెద్ద అడ్డంకి ఏంటో తెలుసా? ఎప్పుడో వందేళ్ల కిందట రాసిన వీలునామాలో ఓ ఆడమనిషి పేరు లేకపోవడం!

అది కారకాస్ నగరంలోని బొలివర్ల కుటుంబం. మార్క్విస్ కాలేకపోయిన ఆ ఇంట్లోనే 1783 జులై 24న సైమన్ బొలివర్ పుట్టాడు. దక్షిణ అమెరికాలో స్పెయిన్ పాలనకు చరమగీతం పాడిన వీరుడు. బొలీవియా దేశానికి ఆయన పేరే పెట్టుకున్నారు. వెనెజులాలో రూపాయి లాంటి నాణేన్ని 'బొలివర్' అనే పిలుస్తారు. అంతటి మనిషి వంశవృక్షం వెనక ఓ అపరాధ పరిశోధన నవలకు సరిపడా కథ ఉంది.

మరలోయ నుంచి...

స్పెయిన్‌కు ఉత్తరాన బాస్క్ ప్రాంతంలో బొలివర్ అనే చిన్న పల్లె ఉంది. బాస్క్ భాషలో 'బోలు' అంటే పిండిమర, 'ఇబార్' అంటే లోయ. అంటే 'మరలోయ' అన్నమాట. మనకు ఊరిపేర్లే ఇంటిపేర్లు అయినట్టు వాళ్లకూ అదే ఇంటిపేరైంది. ఆ ఊరి వంశానికి చెందిన ఒకాయన 1589లో కొత్త గవర్నరుతోపాటు కారకాస్ వచ్చాడు. ఆయన పేరూ సైమన్ బొలివరే! చరిత్రకారులు తేడా తెలియడానికి 'పెద్ద సైమన్' అంటారు. కారకాస్ ప్రజల తరఫున స్పెయిన్ వెళ్లి, రెండో ఫిలిప్ రాజు దగ్గర నగరానికి రాజముద్ర సంపాదించుకొచ్చింది ఈయనే. మన కథానాయకుడు ఆయనకు ఏడో తరంవాడు.

ఈ ఏడు తరాల జాబితా ఇంత కచ్చితంగా ఎలా తెలిసింది? కాగితాల వల్ల. స్పెయిన్ సామ్రాజ్యానికి రాసిపెట్టడమంటే మహా పిచ్చి. అమెరికా వెళ్లే ఓడ ఎక్కాలంటే సెవిల్ నగరంలోని వాణిజ్య కార్యాలయం నుంచి అనుమతి పత్రం తెచ్చుకోవాలి. తమ పూర్వికుల్లో యూదులూ ముస్లింలూ లేరని సాక్షులను తెచ్చి చెప్పించాలి. ఇక, 1563లో ముగిసిన ట్రెంట్ మతసభ తరవాత ప్రతి చర్చిలోనూ బాప్తిస్మం, పెళ్లి పుస్తకాలు తప్పనిసరయ్యాయి. పైగా అమెరికా వలసల్లో చాలాచోట్ల ఆ పుస్తకాలు రెండేసి ఉండేవి. స్పానిష్ సంతతికి ఒకటి, మిశ్రమ రక్తం వారికీ బానిసలకూ మరొకటి. ఏ పుస్తకంలో పేరు రాశారన్నదాన్ని బట్టే మనిషి విలువ!

ఈ కాగితాలన్నీ ఒకచోట చేర్చాలని 1785లో మూడో చార్లెస్ రాజు సెవిల్‌లో ఇండీస్ ఆర్కైవ్స్ ఏర్పాటు చేయించాడు. ఇప్పుడక్కడ దాదాపు 43 వేల దస్తాల కట్టలున్నాయి. పేజీలు లెక్కపెడితే సుమారు 8 కోట్లు. 1987లో యునెస్కో ఆ భవనాన్ని ప్రపంచ వారసత్వ కట్టడాల్లో చేర్చింది. పూర్వికుల జాడ వెతుక్కునే లాటిన్ అమెరికా వాసులు ఒకప్పుడు అక్కడికి వెళ్లి నెలల తరబడి కూర్చోవాల్సిందే. 2007 నుంచి స్పెయిన్ ప్రభుత్వం 'పారెస్' అనే వెబ్‌సైట్‌లో చాలా పత్రాలను ఉచితంగా చూపిస్తోంది.

పన్ను కట్టకపోతే గొప్పోడే!

అసలు ఒక కుటుంబం ఉన్నత వంశమని ఎలా నిరూపించేవారు? స్పెయిన్‌లో దానికి తమాషా కొలమానం ఉంది. మామూలు జనం రాజుకు 'పెచో' అనే పన్ను కట్టాలి. 'హిడాల్గో' అంటే కులీనులు కట్టక్కర్లేదు. కాబట్టి ఎవరైనా 'మేం కులీనులం' అంటే, ఊరివాళ్లు ఒప్పుకోకపోతే, కేసు వల్లడోలిడ్‌లోనో గ్రనడాలోనో ఉన్న పెద్ద కోర్టుకు వెళ్లేది. పండుముసలి సాక్షులు వచ్చి, 'వీళ్ల తాత ఏనాడూ పన్ను కట్టగా చూడలేదు, మా నాన్న కూడా చూడలేదన్నాడు' అని ప్రమాణం చేసేవారు. గెలిస్తే తోలు కాగితం మీద బొమ్మలతో, రంగులతో తీర్పు పత్రం ఇచ్చేవారు. ఆ పత్రమే ఆ ఇంటికి ఆస్తి. వల్లడోలిడ్ ఆర్కైవ్స్‌లో ఇలాంటి దావాల దస్త్రాలు ఇప్పటికీ వేలల్లో ఉన్నాయి.

అమెరికాలో చిక్కేంటంటే అక్కడి స్పానిష్ వాళ్లెవరూ ఈ పన్ను కట్టరు. అంటే పన్ను కట్టకపోవడం గొప్ప కాదు, సాక్ష్యం కాదు! అందుకే వంశం నిరూపించాలంటే మళ్లీ సముద్రం దాటి పూర్వికుల పల్లెకే వెళ్లాలి. ఈ విషయంలో బొలివర్లు అదృష్టవంతులు. ఎందుకంటే వారి పూర్వికులది బిస్కే ప్రాంతం. 1526 నాటి చట్టం ప్రకారం ఆ ప్రాంతంలో పుట్టినవాళ్లంతా కులీనులే. పిండిమర తిప్పేవాడైనా సరే! ఫలానా ఇంటి సంతతి అని చూపిస్తే చాలు.

కాబట్టి తండ్రుల వైపు దారి శుభ్రంగా ఉంది. ముడి పడింది తల్లుల వైపు.

మఠంలో అమ్మిన బిరుదు

హిడాల్గో అనిపించుకోవడం వేరు, మార్క్విస్ అనిపించుకోవడం వేరు. రెండోది రాజు ఇవ్వాలి. అయిదో ఫిలిప్ రాజు మాడ్రిడ్‌లోని మోన్సెరాట్ మఠానికి నేరుగా డబ్బివ్వకుండా, అమ్ముకోమని బిరుదులే దానం చేశాడు. సన్యాసులు కొనేవారి కోసం చూశారు. సైమన్ తాత హువాన్ బొలివర్ 22 వేల బంగారు డబ్లూన్లు పోసి కొన్నాడు. 1720లలో తాను స్థాపించిన శాన్ లూయీ దె కూరా పట్టణం పేరిట 'మార్క్విస్ ఆఫ్ శాన్ లూయీ' కావాలన్నది ఆయన ఆశ.

కొన్నంత మాత్రాన సరిపోదు. కొన్నవాడి వంశం యోగ్యమైనదేనని అధికారులు తేల్చాలి. బొలివర్ల కాగితాలు తిరగేస్తుంటే ఒక పేరు దగ్గర కలం ఆగిపోయింది... హోసెఫా మారిన్ దె నర్వాయెస్. సైమన్ తండ్రికి అమ్మమ్మ.

హోసెఫా తండ్రి ఫ్రాన్సిస్కో మారిన్ దె నర్వాయెస్ మహా సంపన్నుడు. 1663లో అరోవా రాగి గనుల హక్కులు రాజు నుంచి 40 వేల పెసోలకు కొన్నాడు. 1673లో మాడ్రిడ్‌లో ఉండగా వీలునామా రాశాడు. హోసెఫా తన బిడ్డేనని అందులో ఒప్పుకొన్నాడు. కాకపోతే పెళ్లి చేసుకోని స్త్రీకి పుట్టిన బిడ్డ. తల్లి మంచి కుటుంబం పిల్ల అనీ, ఆమె పరువు కోసం పేరు చెప్పడం లేదనీ రాశాడు. తాము పెళ్లి చేసుకోవడానికి ఏ అడ్డూ లేదని కూడా చేర్చాడు.

ఆయన దృష్టిలో అది మర్యాద. వందేళ్ల తరవాత ఫైలు చూసే గుమస్తా దృష్టిలో అదో గొయ్యి. తల్లి ఎవరు? స్పానిష్ స్త్రీయేనా? ఇండియన్ తెగల మనిషా? ఆఫ్రికన్ బానిసల సంతతా? పేరు లేకపోతే బాప్తిస్మం పుస్తకం ఎక్కడ వెతకాలి? ఏ సాక్షిని పిలవాలి? ఆ వంశంలో దీన్ని 'మారిన్ ముడి' అనేవారు. ఎవరూ విప్పలేకపోయారు.

ఇందులో అసలు విచిత్రం మరొకటుంది. అరోవా గనులు బొలివర్లకు వచ్చింది ఈ హోసెఫా వల్లే! ఆమె కూతురు మరియా పెత్రోనిలాను చేసుకున్నవాడే 22 వేల డబ్లూన్లు పోసిన హువాన్ బొలివర్. ఆమె తెచ్చిన సంపద కావాలి. ఆమె పుట్టుక మాత్రం పత్రాల్లో కనిపించకూడదు!

సైమన్ తండ్రి 1786లో పోయాడు. తరవాత తల్లి తరఫు తాత ఫెలిసియానో పలాసియోస్ పెద్ద మనవడికి ఆ బిరుదు ఇప్పించాలని పట్టుబట్టాడు. కొడుకు ఎస్తెబాన్‌ను 1792లో మాడ్రిడ్ పంపాడు. ఎస్తెబాన్ ఎన్ని గుమ్మాలెక్కినా ఆ ముడి దగ్గరే పని ఆగిపోయింది. 1799లో పదహారేళ్లు నిండని సైమన్ మాడ్రిడ్ వచ్చింది ఈ మేనమామ ఇంటికే.

రేట్ల పట్టిక

ఇదే సమయంలో, 1795లో, ఖజానా నింపుకోవడానికి స్పెయిన్ రాజు ఒక రేట్ల పట్టిక విడుదల చేశాడు. మిశ్రమ రక్తంవారు 'పార్దో' అన్న ముద్ర తొలగించుకోవాలంటే 500 రియాల్స్. పేరు ముందు 'డాన్' అని పెట్టుకోవాలంటే 1000. పెళ్లి కాకుండా పుట్టినవారు సక్రమ సంతానం అనిపించుకోవడానికీ ఒక ధర! కారకాస్ పెద్దమనుషులు భగ్గుమన్నారు. డబ్బుతో తమ పక్కన కూర్చుంటారా అని 1796లో నగరసభ రాజుకు ఫిర్యాదు రాసింది. సన్యాసుల దగ్గర డబ్బిచ్చి బిరుదు కొన్న కుటుంబం కూడా ఆ పెద్దమనుషుల్లో ఒకటన్నది వాళ్లకు గుర్తులేనట్టుంది.

పదిహేడేళ్లు తిరక్కుండానే ఆ పట్టికకు పనిలేకుండా పోయింది. 1811 డిసెంబరులో వెనెజులా ఆమోదించిన తొలి రాజ్యాంగం పాత బిరుదులన్నింటినీ రద్దు చేసింది. పార్దోలను తక్కువ చేసే చట్టాలనూ కొట్టేసింది. బొలివర్ల అన్నదమ్ములు ఏ బిరుదు కోసం వాళ్ల పెద్దలు తిరిగారో, ఆ బిరుదే లేని దేశం కోసం పోరాడారు. అన్న హువాన్ వీసెంతె ఆ 1811లోనే సముద్రంలో ఓడ మునిగి చనిపోయాడు. మార్క్విస్ కావాల్సినవాడు ఆయనే. ముడి విప్పని ఆ గనులను మాత్రం సైమన్ పోయాక 1832లో అక్కలిద్దరూ ఆంగ్లేయులకు అమ్మేశారు.

1830 డిసెంబరులో మరణశయ్య మీద సైమన్ కూడా వీలునామా రాయించాడు. అందులో ఒక మిత్రుడి దగ్గర దాచిన తన కాగితాలన్నీ తగలబెట్టేయమన్నాడు. ఆ మాట ఎవరూ వినలేదు. అందుకే ఆయన ఉత్తరాలు ఇవాళ మనకు దొరుకుతున్నాయి. మరి ఆయన ముత్తవ్వను కన్న తల్లి? కులం కోసం, రక్తం కోసం, వారసత్వం కోసం అంత జాగ్రత్తగా రాసిపెట్టిన ఆ కోట్ల పేజీల్లో ఆమె పేరుకు చోటు దొరకలేదు. ఆమె పరువు కాపాడుతున్నానని అనుకున్న మనిషే ఆమెను చరిత్రలో లేకుండా చేశాడు.