అమ్ముతున్నది పాత సామాను కాదు, రేపటి సేద్యం

2025 వేసవిలో సభ్యత్వం రాయడానికి పల్నాడు జిల్లాలోని ఒక ఊరికి వెళ్లాం. మూడెకరాలు కౌలుకు చేసి మిర్చి వేసిన రైతు ఒకాయన ఇంటి ముందు ఆయిల్ ఇంజనును తడిగుడ్డతో తుడుస్తూ కనిపించాడు. సీజను అయిపోయాక ఇంజను శుభ్రం చేసి లోపల పెట్టడం మంచి అలవాటే కదా అనుకున్నాం. తుడవడం అయ్యాక జేబులోంచి ఫోను తీసి నాలుగు వైపులా ఫొటోలు తీశాడు.

"పాత సామాన్లు అమ్మే యాప్‌లో పెడుతున్నా అన్నా. పన్నెండు వేలని రాస్తా, తొమ్మిదికి పోతది" అన్నాడు.

ఎవరు చెప్పారని అడిగాం. బ్యాంకు వాళ్లు ఊళ్లో పెట్టిన సదస్సులో ఒక సారు చెప్పాడట. ఇంట్లో వాడకుండా పడి ఉన్న వస్తువులు ఆన్‌లైన్‌లో అమ్మేస్తే అప్పు భారం తగ్గుతుందని, ఇల్లు కూడా ఖాళీ అవుతుందని. ఫోనులో ఇలాంటి వీడియోలకైతే లెక్కే లేదు.

ఈ సలహా ఎవరికి పనికొస్తుంది? నెల జీతం వచ్చే ఇంట్లో మోజుపడి కొన్న వ్యాయామం సైకిలు, రెండో టీవీ, వాడని కెమెరా ఉంటాయి. అవి అమ్మితే క్రెడిట్ కార్డు బాకీలో కొంత తీరుతుంది. వచ్చే నెల జీతం ఆగదు. మరి కౌలు రైతు ఇంట్లో వాడకుండా పడి ఉండేది ఏమిటి? మే నెలలో చూస్తే ఆయిల్ ఇంజను ఖాళీగానే ఉంటుంది. తైవాన్ స్ప్రేయరు మూలన ఉంటుంది. పైపులు చుట్టచుట్టి చూరు కింద ఉంటాయి. కల్లంలో పరిచే పట్టాలు మడతపెట్టి ఉంటాయి. వాన పడగానే అవన్నీ కావాలి. సీజను కోసం ఆగి ఉన్నదాన్ని పనికిరానిది అనేవాడికి సేద్యం తెలియదు.

లెక్క చూద్దాం. ఆ రైతుకు ఎరువుల కొట్లో, కమీషన్ ఏజెంటు దగ్గర కలిపి 4 లక్షల బాకీ ఉంది. వడ్డీ నూటికి రెండు రూపాయలు, అంటే నెలకు 8 వేలు, ఏడాదికి 96 వేలు. ఆయన అమ్మినవి ఇవి: ఇంజను 9,000, స్ప్రేయరు 5,500, పైపులు 11,500, ఇంటావిడ కుట్టుమిషను 2,500. మొత్తం 28,500. మూడున్నర నెలల వడ్డీ! అసలులో ఒక్క రూపాయి తగ్గలేదు. కుట్టుమిషను పోవడంతో వానాకాలంలో ఇల్లు నడిపే చిల్లర సంపాదనా పోయింది.

తరువాతి సీజనులో స్ప్రేయరుకు, ఇంజనుకు కలిపి 19 వేలు అద్దె కట్టాడు. ఆ రెండూ అమ్మితే వచ్చింది 14,500. అద్దెకు ఇచ్చింది ఎవరో కాదు, యాప్‌లో ఫొటో చూసి కొనుక్కుపోయిన బేరగాడే. ట్యాంకు మీద అతుకు చూసి తన ఇంజనును తానే గుర్తుపట్టానని ఆయన నవ్వుతూ చెప్పాడు. మాకు నవ్వు రాలేదు.

"తప్పేముంది, వెనకటికి పాత ఇనుము వాడు చెప్పిందే ధర, ఇప్పుడు పదిమంది చూస్తారు, నాలుగు రూపాయలు ఎక్కువ వస్తాయి" అనే మాట మన సభ్యుల్లోనూ ఉంది. అందులో నిజం ఉంది. తుప్పుపట్టిన నాగలి కర్రు, కాలిపోయిన మోటారు, పిల్లలు వాడని సైకిలు ఉంటే అమ్ముకోండి. సిగ్గుపడాల్సింది లేదు. కానీ ఒక సంగతి గమనించాలి. మిర్చి ధర పడితే ఒక్క రైతుకే పడదు, జిల్లా అంతటికీ పడుతుంది. అందరూ ఒకే నెలలో ఇంజన్లు, స్ప్రేయర్లు అమ్మకానికి పెడతారు. ఆ సాయంత్రమే ఆయన ఫోనులో వెతికితే ముప్ఫై కిలోమీటర్ల లోపల పదకొండు ఆయిల్ ఇంజన్లు కనిపించాయి. సరుకు ఎక్కువై, కొనేవాడు తక్కువై, యార్డులో టిక్కీలకు పట్టిన గతే ఇంజన్లకూ పట్టింది. పంటను నష్టానికి అమ్మినవాడు, ఆ నష్టం పూడ్చడానికి పనిముట్టును కూడా నష్టానికే అమ్ముతున్నాడు.

ఇంత అప్పు రైతు దుబారా వల్ల వచ్చిందా? 2019 జాతీయ నమూనా సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయ కుటుంబాల్లో 93.2 శాతం అప్పుల్లో ఉన్నాయి. తెలంగాణలో 91.7 శాతం. దేశం మొత్తం మీద 50.2 శాతం. సగటు అప్పు దేశంలో 74,121 రూపాయలైతే మన రాష్ట్రంలో 2,45,554. నూటికి తొంభై మూడు ఇళ్లు దుబారా చేశాయంటే నమ్మేవాళ్లు ఎవరు? క్వింటా 20 వేలు దాటి అమ్మిన మిర్చి రెండేళ్లు తిరిగేసరికి దాదాపు సగానికి పడిపోయింది. 2025 ఫిబ్రవరిలో మార్కెట్ జోక్య పథకం కింద కేంద్రం 11,781 రూపాయల ధర ప్రకటించింది, అదీ పంటలో నాలుగో వంతుకే. మద్దతు ధరల జాబితాలో మిర్చికి ఇవాళ్టికీ చోటు లేదు. సాగు ఖర్చుకు యాభై శాతం కలిపి ధర ఇవ్వాలని స్వామినాథన్ కమిషన్ 2006లో చెప్పింది. ఆ ధర చట్టం కాలేదు. పంటకు ధర ఇవ్వని వాళ్లు ఇంట్లో సామాను అమ్ముకోమని సలహా ఇస్తున్నారు.

చట్టం ఏం చెబుతుందో కూడా సభ్యులు తెలుసుకోవాలి. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 60 ప్రకారం, బాకీ కింద డిక్రీ వచ్చినా రైతు బతుకుతెరువుకు అవసరమైన వ్యవసాయ పనిముట్లు, పశువులు, విత్తనాలు జప్తు చేయకూడదు. కట్టుబట్టలు, వంటపాత్రలు, పడక సామాను ముట్టుకోకూడదు. తెల్లవాడి కాలంలో రాసిన చట్టానికి కూడా నాగలి లాక్కుంటే అప్పు తీరదని తెలుసు. కోర్టు అమీనా ముట్టుకోకూడని వస్తువును ఇవాళ రైతే ఫొటో తీసి అమ్ముకుంటున్నాడు. జప్తు అన్న పేరు లేదు, అంతే. 1938లో అప్పటి మద్రాసు రాష్ట్రంలో వచ్చిన వ్యవసాయదారుల రిలీఫ్ చట్టం, అసలుకు రెట్టింపు కట్టేసిన రైతు బాకీ పూర్తిగా తీరినట్టేనని చెప్పింది. ఎనభై ఏళ్ల కిందట చేయగలిగింది ఇప్పుడు ఎందుకు చేయలేరు?

కాబట్టి సభ్యులకు మా మనవి ఇది. ఫొటో తీసే ముందు గ్రామ కమిటీకి ఒక మాట చెప్పండి. పంట పండించే వస్తువును అమ్మకండి. తప్పనిసరైతే ఊళ్లోనే నలుగురు కలిసి ఉంచుకుని, అద్దెకు తిప్పి, ఆ డబ్బు పంచుకునే ఏర్పాటు చేసుకోండి. ట్రాక్టరు ఫైనాన్సులో ఉంటే బాకీ లేదన్న పత్రం లేకుండా అమ్మవద్దు. సెక్షన్ 60 రక్షణ తాకట్టు పెట్టిన బండికి వర్తించదు. ఆర్‌సీ మీ పేరు మీదే ఉంటే రేపు ప్రమాదం జరిగినప్పుడు పరిహారం మీ మెడకు చుట్టుకుంటుంది. డబ్బు పంపుతాను, ఈ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టమని ఎవడైనా అంటే వాడు దొంగ. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, పోవడానికే కావాలి. మోసపోతే వెంటనే 1930కి ఫోను చేయండి.

బ్యాంకును అడగాల్సినవి కూడా ఉన్నాయి. ప్రైవేటు వడ్డీలో చిక్కుకున్న రైతు ఆ బాకీ తీర్చుకోవడానికి ఇచ్చే అప్పును ప్రాధాన్య రంగం కింద చూపుకోవచ్చని రిజర్వు బ్యాంకు నిబంధనలే చెబుతున్నాయి. 2 లక్షల వరకు పంట రుణానికి తాకట్టు అక్కర్లేదు. కౌలు రైతుకూ కిసాన్ క్రెడిట్ కార్డు ఇవ్వొచ్చు. నూటికి రెండు రూపాయల బాకీని ఏడు శాతానికి మారిస్తే ఆ రైతుకు ఏడాదికి 4 లక్షల మీద 68 వేలు మిగులుతాయి. ఆ ఇంట్లో సామానంతా రెండుసార్లు అమ్మినా అంత రాదు. సదస్సులో ఈ మాట చెప్పిన సారు ఒక్కరూ మాకు కనపడలేదు.

మన డిమాండ్లు స్పష్టం. మిర్చికి మద్దతు ధర ప్రకటించి చట్టబద్ధం చేయాలి. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టంలో భూయజమాని సంతకం షరతు తీసేసి, సాగు చేసే ప్రతి కౌలు రైతుకూ కార్డు, రుణం ఇవ్వాలి. కేరళ 2006లో చేసినట్టు, తెలంగాణ 2016లో చట్టం రాసుకున్నట్టు, మన రాష్ట్రంలోనూ ప్రైవేటు బాకీలపై తీర్పు చెప్పే రుణ విమోచన కమిషన్ వేయాలి. వేసిన చోట దానికి కోరలు ఉండాలి.

వచ్చే నెల మండల కేంద్రాల్లో బ్యాంకుల ముందు జరిగే ధర్నాకు ప్రతి గ్రామం నుంచీ కదలి రండి. మీ బాకీ కాగితాలు వెంట తెచ్చుకోండి. ఇంజను మాత్రం ఇంట్లోనే ఉంచి రండి. వానలు పడితే దానితో పని ఉంది.