న్యాయవాదుల శీలపరీక్ష

వకీలుకోటు తొడుగబోవు యువకుని శీలమును పరీక్షింపవలయునా? వలయుననియే మా యభిప్రాయము. కక్షిదారు తన యింటిగుట్టును, భూమి దస్తావేజులను, ఒక్కొక్కప్పుడు తన ప్రాణమును గూడ వకీలు చేతబెట్టును. అతడు చేసిన ద్రోహము ఓడిన కక్షిదారునకు జన్మమున తెలియకయే పోవచ్చును. కావున వాకిటనే విచారణ యవసరము. చిక్కెల్ల ఆ విచారణ యెవరు చేయుదురు, దేనిని శీలమని యెంచుదురు అనుచోటనే యున్నది.

1894లో గాంధీగారు నేటాల్ సుప్రీంకోర్టున అడ్వొకేటుగా చేరుటకు దరఖాస్తు పెట్టుకొనిరి. శీలమును గూర్చి రెండు యోగ్యతాపత్రములు జతపరుపవలసియుండెను. తెల్లవారి మాటకు విలువ హెచ్చని తలచి, ఆయన యిద్దరు తెల్ల వర్తకులచేత వ్రాయించి తెచ్చిరి. అయినను అచ్చటి న్యాయవాదుల సంఘము అడ్డుపడినది. ఆయన నడవడిలో దోషము చూపలేదు. నియమములు చేసిననాడు తెల్లవాడు కానివాడొకడు వచ్చి తలుపు తట్టునని తాము తలంపలేదనుటయే వారి ముఖ్యమైన యాక్షేపణ! చట్టమునకు రంగుభేదము లేదని కోర్టు ఆయనను చేర్చుకొనెను. తలపాగా మాత్రము తీయించెను. 1922 మార్చిలో ఆయన రాజద్రోహనేరమును తానే యొప్పుకొని ఆరేండ్ల శిక్ష పొందిరి. ఆ నవంబరులోనే లండనులోని ఇన్నర్ టెంపుల్ వారు ఆయన పేరు కొట్టివేసిరి. మరల చేర్చుకొనినది 1988లో. అప్పటికాయన గతించి నలువది యేండ్లు! శిక్షపడినవాడెల్ల శీలహీనుడనుకొనినచో నిట్టి నవ్వుబాటు తప్పదు. మన దేశమున 1923 చట్టము వచ్చువరకు స్త్రీ యగుటయే యనర్హతగా నుండెనని గూడ పాఠకులు మరువరాదు.

మన 1961 నాటి అడ్వొకేటుల చట్టము శిక్షనెల్ల దోషముగా నెంచక, నైతికపతనముతో గూడిన నేరమునే యనర్హతగా నెంచినది. అంటరానితనపు నేరమునకు శిక్షింపబడినవానిని గూడ వాకిట నిలిపినది. ఇది మాకు మిక్కిలి సంతోషము. కాని విడుదలయై రెండు సంవత్సరములు గడచినంతనే అనర్హత తొలగునట!

దొంగ వీలునామా సృష్టించి వితంతువు పొలము కాజేసినవాడు రెండు పంచాంగములు మారినంతనే సన్నదునకు అర్హుడా? ఆ పొలము తిరిగి యిచ్చెనా, చేసిన తప్పు దరఖాస్తులో నిజముగా చెప్పుకొనెనా అని అడుగువారుండవలదా? పశ్చాత్తాపపడినవానికి తలుపు మూయుమని మేమనము. నిజముగా మారినవానిని, కాలము వెళ్లబుచ్చినవానిని ఒకే గాటకట్టుట తగదనియే మా మాట. ఇంకొక వైపరీత్యము గలదు. ఈ యడ్డు క్రొత్తగా చేరువారికే యని, లోపలనున్నవాడు శిక్షపడినను నిశ్చింతగా వాదించుకొనుచుండెను. 2016లో సుప్రీంకోర్టు ఒక కోర్టుధిక్కార వ్యాజ్యమున దీనిని గుర్తించి, ఆ యనర్హత లోపలివారికిని వర్తించునని తీర్పు చెప్పవలసివచ్చెను.

ఇక అభియోగము విచారణలో నున్నంతమాత్రమున సన్నదు నిరాకరింపవలెననువారితో మేమేకీభవింపము. మన పల్లెలలో గట్టు తగాదా వచ్చినచో ఫిర్యాదులో మొదట వ్రాయించు పేరు ఎవరిది? పట్టణమున చదువుకొనుచున్న కొడుకుది. ఆనాడు వాడు ఊరిలో లేకున్నను సరే, వాని భవిష్యత్తునకు గండి కొట్టుటయే యుద్దేశము. అట్టి కాగితమును చూచి శీలము నిర్ణయించుట, కక్షలుగల గ్రామపెద్ద చేతికి బార్ కౌన్సిలు ముద్రనిచ్చుటయే యగును.

మరి మన కౌన్సిలులు వాకిట నేమడుగుచుండెను? సొమ్ము! చట్టము నిర్ణయించిన నమోదు రుసుము 750 రూపాయలు. షెడ్యూల్డు కులములకు, తెగలకు 125. పెక్కు రాష్ట్రములలో వేలకు వేలు వసూలు చేయుచుండగా, 2024 జూలైలో సుప్రీంకోర్టు కూడదనెను. పేదవాని కొడుకు వాకిట నిలిచిపోగా, ధనికుని కుమారుని నడవడిని గూర్చి ఒక్క ప్రశ్నయైన పుట్టినదా?

ముఖ్యమైన సంగతిని దాచియో వంచించియో నమోదైనవాని పేరు తొలగించు నధికారము ఇరువదియారవ సెక్షనున భారత బార్ కౌన్సిలునకున్నది. దరఖాస్తులను పరిశీలించుటకు ప్రతి రాష్ట్రమున నమోదు సంఘమున్నది. ఆ సంఘమువారు అభ్యర్థిని పిలిచి, ఎదుట గూర్చుండబెట్టి, అతడు వ్రాసినదానిని గూర్చి నాలుగు ప్రశ్నలడుగుటకు క్రొత్త చట్టమక్కరలేదు. వచ్చు నమోదు దినము నుండియే ఆ పని మొదలుపెట్టవలసినదని కోరుచున్నాము.