ఊపిరితిత్తులలో మొలకెత్తు బూజు

వర్షర్తువు ప్రవేశింపగానే బస్తరు సీమలో ఇంటింటను బూజు కనిపించును. వేసవిలో ఏరి యెండబెట్టిన ఇప్పపువ్వు తట్టలలో మెత్తబడును. తడి తగిలిన వరిగడ్డి లోలోపల వేడెక్కును. గోడ మూలలయందు నల్లని మచ్చలు లేచును. ఆ బూజును దులిపివైచువారు గలరు గాని, దులిపినపుడు లేచిన సన్నని పొడి యెటు పోయినదని విచారించువారు అరుదు. అందు కొంత ఊపిరితో పాటు మనుష్యుల లోపలికే పోవుచున్నది.

సాధారణముగా ఇందువలన భయము లేదు. ఆ పొడియందలి ఒక్కొక్క రేణువు బూజునకు విత్తనము వంటిది. శాస్త్రజ్ఞులు దీనిని సిద్ధబీజమందురు. ఆస్పర్జిల్లస్ ఫ్యూమిగేటస్ అను బూజు యొక్క సిద్ధబీజము 2 లేక 3 మైక్రానుల పరిమాణము గలది. మూడు నాలుగు వందల బీజములను వరుసగా పేర్చిన గాని ఒక మిల్లీమీటరు కాదు. ఇంత సూక్ష్మమైన దానిని ముక్కు పూర్తిగా ఆపజాలదు. పల్లెలో నున్నను పట్టణములో నున్నను ప్రతి మనుష్యుడును దినమునకు ఇట్టివి వందలకొలది పీల్చుచునే యుండును.

గాలిలో నున్నంతకాలము ఈ బీజము నిద్రావస్థలో నుండును. నీటిని అంటనీయని మాంసకృత్తు పొర యొకటి దానికి వెలుపలి కవచము. ఆ కవచము ఉన్నంతవరకు మన శరీర రక్షక కణములు దానిని శత్రువుగా గుర్తింపజాలవని 2009లో శాస్త్రజ్ఞులు వెల్లడించిరి. ఊపిరితిత్తులలో వెచ్చదనము, తేమ, ఆహారము లభింపగానే బీజము నీరు పీల్చి ఉబ్బును. కవచము విడిపోవును. కొన్ని గంటలలో మొలక బయలుదేరి, దారమువలె సాగి, కొమ్మలు వేసి అల్లుకొనును.

అయితే కవచము విడుచు గడియయే దానికి గండము. భక్షక కణములు అప్పుడు దానిని గుర్తించి మ్రింగి చంపును. వాటిని తప్పించుకొని దారముగా సాగిన దానిని వేరొక జాతి తెల్లకణములు ఎదుర్కొనును. ఆరోగ్యవంతునియందు ఈ పోరు అతనికి తెలియకయే ముగియును.

కావలి లేని చోటనే చిక్కు. క్షయవ్యాధి నయమైన పిదప కొందరి ఊపిరితిత్తులలో బోలు కుహరములు మిగిలిపోవును. అచట గాలియు వెచ్చదనమును కలవు గాని, రక్తముతో వచ్చు రక్షక కణములు చాలినంతగా చేరవు. బీజము అందు మొలకెత్తి క్రమముగా ఉండవలె చుట్టుకొనును. 1960వ దశకము చివర బ్రిటనులో, రెండున్నర సెంటీమీటర్లకు తక్కువ గాని కుహరములు మిగిలిన 544 మంది క్షయరోగులను పరీక్షింపగా, సుమారు నాలుగవ వంతు మంది రక్తములో ఈ బూజునకు ప్రతిరక్షకములు కనబడినవి.

ఈ జబ్బు లక్షణములు క్షయనే పోలియుండును: విడువని దగ్గు, కఫములో నెత్తురు, బరువు తగ్గుట, నీరసము. అందుచే క్షయ తిరుగబెట్టినదని తలచి మరల ఆ మందులే ఇచ్చు ప్రమాదము కలదు. ఆ మందులు బూజును చంపవు. పైగా వానిలో నొకటియగు రిఫాంపిసిన్, బూజునకు వాడు ఇట్రాకొనజోల్ యొక్క బలమును మిక్కిలి తగ్గించును. కావున కఫములో క్షయక్రిములు కానరానపుడు, ఛాతీ ఎక్స్‌రేతో పాటు బూజునకు సంబంధించిన రక్తపరీక్షయు చేయించుట అవసరము.

2021లో బ్లాక్ ఫంగస్ పేరు విని దేశమంతయు కలవరపడెను. అది వేరొక జాతి బూజు, త్వరితముగా విజృంభించును. ఊపిరితిత్తులలోని ఈ బూజు నిదానముగా పనిచేయును గనుక వార్తలకెక్కదు. అయినను 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించిన ప్రమాదకర శిలీంధ్రముల పట్టికలో ఆస్పర్జిల్లస్ ఫ్యూమిగేటస్ మొదటి శ్రేణిలోనే కలదు.

క్షయ చికిత్స ముగిసిన వారిని 6, 12, 18, 24 మాసములకు మరల పరీక్షింపవలెనని జాతీయ కార్యక్రమము విధించినది. ఈ నియమము పుస్తకములో నున్నంత మాత్రమున చాలదు. అడవి దారులు, దూరములు గల బస్తరులో అది కష్టమని కొందరు అనవచ్చును. అయితే 2020 జనవరిలో ఆరంభమైన మలేరియా నిర్మూలన ఉద్యమములో ఆరోగ్య కార్యకర్తలు ఈ సీమలోనే ఇంటింటికి వెళ్లి, జ్వరము లేని వారి రక్తమును సైతము పరీక్షించిరి. అంత పని సాధ్యమైనచోట, నయమైన క్షయరోగిని రెండేండ్లలో నాలుగుసార్లు పలుకరించుట అసాధ్యము కానేరదు. పలుకరింపు రోగి యెరిగిన భాషలో, గోండీ గాని హల్బీ గాని, భోపాలపట్టణము, కుంట ప్రాంతములలో తెలుగు గాని, జరుగవలెను. “మందు పూర్తి చేసితివా?” అను ప్రశ్నతో ఆగక, “ఇప్పుడు దగ్గు ఎట్లున్నది?” అని కూడ అడుగవలెను.

గడ్డిని, ధాన్యమును విడిచి పల్లెవాసి బ్రతుకలేడు. విడువుమని ఎవరును చెప్పరాదు. ధాన్యమును బాగుగా ఎండనిచ్చి నిలువచేయుట, బూజుపట్టిన గడ్డిని కదల్చునపుడు ముక్కునకు నోటికి గుడ్డ కట్టుకొనుట అందరికిని మేలు. క్షయ వచ్చి తగ్గినవారికి, ఉబ్బసము గలవారికి ఆ పని అప్పగింపక ఇంటిలో వేరొకరు చేయుట ఇంకను మేలు.

బూజు విత్తనము లేని గాలి ఎచ్చటను దొరకదు. దానిని మొలకెత్తనీయని కావలి మాత్రము కాపాడుకొనదగినది. క్షయ నుండి కోలుకొన్నవారికి దగ్గు రెండు వారములు దాటినను, కఫములో నెత్తురు చుక్క కనబడినను, పాత ఎక్స్‌రేలు, మందుల చీట్లు వెంట గొని వైద్యుని దర్శింపవలెను. చివరి మాత్రతో మందు ముగియును గాని, రోగిని కనిపెట్టియుండవలసిన బాధ్యత ముగియదు.