గోలీలు మానమన్నోడు దవాఖాన బిల్లు కట్టడు

నాట్లు దగ్గర పడ్డ టైమ్‌లో పొలం ముచ్చట వదిలి ఒంటి ముచ్చట ఏందని అనుకోవచ్చు. కొందరికి కోపం కూడా వస్తది. రానివ్వండి, కానీ చివరిదాకా చదవండి.

"మన ఆరోగ్యం మన చేతుల్లోనే ఉంది. ఇంగ్లీషు మందులు విషం. కొర్రన్నం తిను, కషాయం తాగు, గోలీలు పారెయ్." ఈ మెసేజ్ రాని ఫోన్ మన ఊర్లల్ల ఉందా?

నేనూ నమ్మిన. నాకు ఎనిమిదేండ్ల సంది షుగర్ ఉంది. రెండేండ్ల కింద గోలీలు బంద్ పెట్టి ఐదు నెలలు కొర్రలు, అండుకొర్రలు, కషాయాలతో నడిపిన. బరువు తగ్గింది. కషాయం పని చేస్తుందని సంబరపడ్డ. షుగర్ ముదిరినా బరువు తగ్గుతదని అప్పుడు నాకు ఎరుక లేదు. పరీక్ష చేయించుకోలే. ఏమన్నా ఉంటే ఒళ్లే చెప్తది కదా అనుకున్న.

ఒళ్లు చెప్పలే. యాసంగి నాట్లకు దమ్ము చేసిన మడిలో ఒట్టి కాళ్లతో దిగిన. కుడికాలి వేలికి ఏదో గుచ్చుకుంది. నొప్పే లేదు. నాలుగో రోజు వాసన వస్తుందని మా ఇంటామె కాలు చూసింది. షుగర్ చాలా కాలం అదుపు తప్పితే పాదాల నరాలు మొద్దుబారతయి. ముల్లు గుచ్చినా తెల్వదు, పుండు తొందరగా మానదు. ఆఖరికి వేలు తీసేసిండ్రు. ఆ యాసంగి వడ్ల పైసలన్నీ దవాఖానకే పోయినయ్. మెసేజ్ పంపినోళ్లు ఒక్క రూపాయి కట్టలే. పైగా "నువ్వు సరిగ్గా పాటించలే" అన్నరు. తగ్గితే కషాయం గొప్ప, తగ్గకపోతే నీ తప్పు. ఇదెక్కడి న్యాయం?

ఇంతకంటే పెద్ద తప్పు నేను చేసిన. అదే మెసేజ్ నేను ఇంకా నలుగురికి పంపిన. నా మాట విని మా బావ బీపీ గోలీలు మానేసిండు. నా వేలు పోయిందని తెలిసినంక ఆశా వర్కర్‌తో చూపించుకుంటే 190/110 ఉంది. తలనొప్పి కూడా లేదు ఆయనకు! పక్షవాతం రాకముందే మళ్లీ గోలీలు మొదలుపెట్టిండు, బతికిపోయిండు. లేకపోతే మా చెల్లె ముఖం నేనెట్ల చూసేటోణ్ని?

మనం రైతులం, మనకు తెల్వంది కాదు. మొగి పురుగు కాండం లోపల తొలుస్తుంటే పైకి పైరు పచ్చగనే ఉంటది. తెల్ల కంకి కనబడ్డంక ఎన్ని మందులు కొట్టినా ఆ కంకిలో గింజ రాదు. బీపీ, షుగర్ అట్లాంటివే. మరి పొలానికి పోయి మొవ్వు పీకి చూసేటోళ్లం, మన రక్తం ఎందుకు చూపించుకోం?

నేను కొర్రలకు శత్రువును కాదు. ఇప్పటికీ తింటున్న. తెల్లన్నం కంటే పీచు ఎక్కువ, షుగర్ మెల్లగా పెరుగుతది. కానీ కొర్రల్లో కూడా 100 గ్రాములకు దగ్గర దగ్గర 60 గ్రాములు పిండి పదార్థమే. తిండి, నడక, నిద్ర మందుకు తోడు. వాటితో షుగర్ తగ్గితే గోలీ తగ్గించొచ్చు, కానీ ఆ మాట పరీక్ష చూసి డాక్టర్ చెప్పాలె, ఫోన్ కాదు. ఇన్సులిన్ మీద బతికే పిల్లలకు అది ఆపమంటే ప్రాణం తీసినట్టే.

ఇంకో రకం వాళ్లున్నరు. నడుం నొస్తే సూది, మోకాలు నొస్తే సూది, ఏ మందు ఇచ్చిండో అడగరు. డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు పశువులకు ఇస్తే, ఆ కళేబరాలు తిన్న రాబందులు కిడ్నీలు పాడై చచ్చినయ్. అందుకే 2006లో పశువులకు అది వాడొద్దని మన దేశంలో నిషేధం పెట్టిండ్రు. మనుషులు రాబందులు కాదు, నిజమే. కానీ ఎండల చెమటలు కారంగ, నీళ్లు సరిగ్గా తాగక, వారాల తరబడి ఆ గోలీలు మింగితే మన కిడ్నీలకూ దెబ్బే.

ఒకరు ఒంటిని మెసేజ్‌కు అప్పజెప్పిండ్రు, ఇంకొకరు సూదికి. ఇద్దరూ బాధ్యత వదిలేసినోళ్లే.

అట్లని అంతా మన చేతుల్లోనే ఉందంటే కూడా నేనొప్పుకోను. మా నల్లగొండ జిల్లాలో మర్రిగూడ దిక్కు ఫ్లోరైడ్ నీళ్లకు ఎముకలు వంగిపోయినోళ్లు ఏ బాధ్యత మరిచిండ్రు? వాళ్లకు కావాల్సింది మంచి నీళ్లు, నీతులు కాదు. అట్లనే పల్లె దవాఖానలో గోలీలు లేకపోతే గట్టిగా అడగాలె. అడగడం కూడా మన బాధ్యతే.

మన చేతుల్లో ఉన్నది ఇది. 30 ఏండ్లు దాటినోళ్లకు బీపీ, షుగర్ పరీక్ష సర్కారు దవాఖానలో ఉచితం. పరగడుపున షుగర్ 126 దాటినా, బీపీ 140/90 దాటినా మళ్లీ చూపించుకుని డాక్టర్‌ను కలవండి. షుగర్ ఉన్నోళ్లు రోజూ రాత్రి అరికాళ్లు చూసుకోండి. కనబడకపోతే ఇంట్లో వాళ్లను చూడమనండి. మడిలోకి ఒట్టి కాళ్లతో దిగకండి. గోలీ మానాలనిపిస్తే ముందు పరీక్ష, తర్వాత డాక్టర్ మాట.

నాట్లయినంక చూద్దాం అనకండి. నేను కూడా అట్లనే అనుకున్న.