ఎక్కడికి వెళ్ళి వచ్చారు?

కోనసీమలో పుట్టినవారికి కొండ ఎక్కడం అలవాటు లేని పని. మనకు ఎక్కడానికి ఉన్నవి ఏటిగట్టు, కొబ్బరిచెట్టు. అందుకేనేమో, నవంబరు వచ్చి కాస్త చలిగాలి తిరిగేసరికి అమలాపురం, రాజోలు, కొత్తపేట కుర్రవాళ్ళు మోటారుసైకిళ్ళు తీసి రావులపాలెం, రాజమండ్రి, గోకవరం, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి దారి పడుతున్నారు. గుడిస మీద గడ్డి మైదానం, వాగు పక్కన గుడారం, బొంగులో చికెన్, రాత్రి చలిమంట. ఇంకాస్త ఓపిక ఉన్నవారు పాడేరు దాకా పోయి, చీకటితోనే వంజంగి కొండెక్కి, మబ్బుల మీద సూర్యోదయం చూసి వస్తున్నారు. సముద్రానికి ఇంత దగ్గరలో తూర్పు కనుమలు ఉండడం మన అదృష్టమే. వెళ్ళవద్దని చెప్పడానికి ఈ నాలుగు మాటలు రాయడం లేదు. రోజంతా ఫోను చూసే పిల్లలు రెండు రోజులు కాళ్ళకు పని చెబితే మంచిదే. నా బాధ తిరిగి వచ్చిన తరువాతి సంగతి గురించి.

నేను ఆసుపత్రి ల్యాబులో ఇరవై ఏళ్ళకు పైగా రక్తపు స్లైడులు చూస్తున్నాను. అయినా మా ఇంట్లో జరిగింది వినండి. రెండేళ్ళ క్రితం మా అక్క కొడుకు, మరో నలుగురు స్నేహితులు మారేడుమిల్లి అడవిలో రెండు రాత్రులు గుడారం వేసుకుని ఉండి వచ్చారు. వాగు ఒడ్డున మంట చుట్టూ కూర్చున్న ఫొటోలు నాకూ పంపాడు. బాగున్నాయిరా అన్నాను. పదకొండో రోజున వాడికి చలి, జ్వరం. దగ్గరలోని ఒక క్లినిక్కులో చూపించారు. వైడాల్ పరీక్ష చేసి టైఫాయిడ్ అన్నారు, సెలైన్ పెట్టారు. జ్వరం కాస్త దిగింది, మళ్ళీ ఎక్కింది. నాలుగో రోజు రాత్రి అక్క ఫోన్ చేసింది. "తమ్ముడూ, వీడేమిటో సంబంధం లేని మాటలు మాట్లాడుతున్నాడురా" అంది. వెళ్ళి చూస్తే కళ్ళు పచ్చబడ్డాయి, మూత్రం టీ డికాషన్ రంగులో ఉంది. అప్పుడు, ఆ మంచం పక్కన నిలబడి ఉండగా, నాకు ఆ ఫొటోలు గుర్తొచ్చాయి.

స్లైడు నేనే చూశాను. ఎర్ర కణాల్లో సన్నని ఉంగరాలు, ఒక్కో కణంలో రెండేసి కూడా. ఫాల్సిపారం మలేరియా. ఆర్టిసునేట్ ఇంజక్షన్లు మొదలుపెట్టాక మూడో రోజుకు వాడు నన్ను గుర్తుపట్టి "మావయ్యా" అన్నాడు. ఆ మధ్యలో మా అక్క ముఖం నేను ఇంకా మరిచిపోలేదు. మిగిలిన నలుగురికీ ఫోన్లు చేయించాం. హైదరాబాదులో ఉన్న ఒక అబ్బాయికి అప్పటికే రెండు రోజులుగా చలిజ్వరం. ఆ రోజే రక్తపరీక్ష చేయించుకున్నాడు కనుక మాత్రలతో తేలిపోయాడు.

తప్పంతా ఆ క్లినిక్కుదే అని నేను అనను. వాళ్ళు అడగలేదు, నిజమే. వీడూ చెప్పలేదు. అన్నీ తెలిసిన నేను ఫొటోలు చూసి కూడా నోరు విప్పలేదు.

ఎందుకిలా జరుగుతుంది? 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో 77 మందితో పాపికొండలకు వెళ్తున్న బోటు మునిగి 50 మంది దాకా చనిపోయారు. ఆ తరువాత బోటెక్కే ప్రతివాడూ లైఫ్ జాకెట్ ఏదని అడగడం నేర్చుకున్నాడు. కళ్ళెదుట జరిగిన ప్రమాదం కాబట్టి. మలేరియా అలా కాదు. కుట్టిన దోమ అడవిలోనే ఉండిపోతుంది, జ్వరం మాత్రం సుమారు 9 నుంచి 14 రోజుల తరువాత మన ఇంట్లో మొదలవుతుంది. అప్పటికి బ్యాగు సర్దేసి ఉంటుంది, బట్టలు ఉతికేసి ఉంటాయి, ప్రయాణం పాతబడిపోయి ఉంటుంది. వైవాక్స్ రకమైతే కాలేయంలో దాక్కుని నెలల తరువాత కూడా బయటపడవచ్చు. రెండింటినీ ఎవరు ముడిపెడతారు?

ఇంకొక పొరపాటు మన కోనసీమవాళ్ళకు ప్రత్యేకం. దోమ అంటే మనకు మురుగుకాలువ గుర్తుకు వస్తుంది. బోదకాలు తెచ్చే క్యూలెక్స్ దోమ అలాంటి నీళ్ళలోనే పెరుగుతుంది కనుక చిన్నప్పటి నుంచీ అదే విన్నాం. మన్యంలో మలేరియా మోసే అనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్ పద్ధతి వేరు. అది నిదానంగా పారే తేటనీటి వాగుల అంచున గుడ్లు పెడుతుంది. మనవాళ్ళు ఎంత శుభ్రంగా ఉందో అని మురిసిపోయి గుడారం వేసే చోటు సరిగ్గా అదే. చలిమంట దగ్గర నిక్కర్లతో కూర్చుని పాటలు పాడుకునే వేళ కూడా దానికి అనువైనదే. చీకటి పడేసరికి పొడుగు చేతుల చొక్కా, ఫ్యాంటు వేసుకోవడం, ఓడోమాస్ రాసుకోవడం, మందు పట్టించిన దోమతెరలో పడుకోవడం మామూలు జాగ్రత్తలు. ముందుజాగ్రత్త మాత్రలు కూడా ఉన్నాయి. అవి ఎవరికి ఇవ్వవచ్చో డాక్టరుగారే చెప్పాలి. గర్భిణులకు, చిన్నపిల్లలకు అన్నీ పనికిరావు. మందుల షాపులో సొంతంగా కొని వేసుకోవద్దు.

గడ్డిలో దొర్లి ఫొటోలు తీసుకునేవారికి మరొక మాట. గడ్డిలో, పొదల్లో ఉండే కంటికి ఆనని చిన్న పురుగు కుడితే స్క్రబ్ టైఫస్ జ్వరం వస్తుంది. చంకలోనో గజ్జల్లోనో సిగరెట్టుతో కాల్చినట్లు నల్లని పెచ్చు ఉంటుంది, నొప్పి ఉండదు, సిగ్గుపడి చూపించరు. దానికి డాక్సీసైక్లిన్ చవకైన, మంచి మందు. అయితే డాక్టరుకు ఆ అనుమానం రావాలి కదా.

మైదానం మనిషికి మన్యం జ్వరం కొత్త కాదు. 1879లో మొదలైన రంప తిరుగుబాటును అణచడానికి కొండలెక్కిన సిపాయిలనూ జ్వరాలు బాగా బాధించాయి. మలేరియా క్రిమిని దోమ కడుపులో మొదట చూసినది కూడా మన తెలుగు గడ్డ మీదే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ చూశాడు. ఇంతకాలం తరువాత కూడా, రెండు రాత్రులు ఉండి వచ్చిన మనకు పరీక్షా మందూ బజారు దూరంలో ఉన్నాయి. ఏడాది పొడుగునా అక్కడే ఉండే కొండరెడ్ల బిడ్డకు, దారి లేని గూడెం నుంచి డోలీలో దిగి వచ్చేసరికే ఒక రోజు గడిచిపోవచ్చు. 2017లో వై.రామవరం మండలం చాపరాయిలో కొద్ది వారాల్లోనే పదిమందికి పైగా గిరిజనులు చనిపోయాక గాని, ఆ ఊరి పేరు మనలో చాలామందికి తెలియలేదు. వాళ్ళ వాగు అందాన్ని మెచ్చుకుని వచ్చే మనం వాళ్ళ జ్వరం సంగతి అడగకపోవడం నాకు బాగా అనిపించదు.

నేను అడిగేది చిన్న విషయం. మన ప్రాంతంలో ఏ ఆసుపత్రి ఓపీ చీటీ చూసినా పేరు, వయసు, ఊరు ఉంటాయి. "ఈ మధ్య ఎక్కడికి వెళ్ళి వచ్చారు?" అన్న గీత ఒకటి కలిపితే ఖర్చేమీ ఉండదు. అడిగే తీరిక లేదంటారు, ఉదయం పూట ఓపీ దగ్గర రద్దీ నాకూ తెలుసు. అడగకపోతే మీరే చెప్పండి. అడవిలో పడుకుని వచ్చిన ఏడో రోజు తరువాత ఎప్పుడు జ్వరం వచ్చినా, ఆ నెలలోనైనా, ఆరు నెలల తరువాతైనా, ముందు మలేరియా పరీక్ష అడగండి. మొదటి వారంలోనే వస్తే అది వేరే జ్వరమై ఉండవచ్చు, అయినా చూపించుకోండి. మా వృత్తి రహస్యం ఒకటి కూడా చెబుతాను. ఒకసారి స్లైడులో కనబడలేదంటే లేనట్లు కాదు. జ్వరం తగ్గకపోతే పన్నెండు గంటలకో, మర్నాడో మళ్ళీ రక్తం ఇవ్వాలి. విసుక్కోవద్దు, మేమూ విసుక్కోము.

చీటీ మారేదాకా ఆగడం దేనికని, ల్యాబు కిటికీ పక్కన ఒక అట్టముక్క మీద ఆ ప్రశ్న నేనే రాసి అంటించాను. మొదటి వారం నవ్వులే. ఒక పెద్దావిడ "అన్నవరం వెళ్ళొచ్చాం బాబూ, అదీ కొండే కదా" అంది. మరొకాయన ప్రశ్న చదివి, దాని వంక అలాగే చూస్తూ నిలబడ్డాడు. చింతూరు వైపు తాపీ పనికి వెళ్ళి మూడు వారాలు రేకుల షెడ్డులో పడుకుని వచ్చాడట. ఊళ్ళో రెండుసార్లు ఇంజక్షన్ చేయించుకున్నా జ్వరం తగ్గలేదు. ఎక్కడికి వెళ్ళావని ఆయనను ఎవరూ అడగలేదు. స్లైడు పాజిటివ్.