వెన్నదేవికూర: పేరు ఒకటే, మొక్కలు రెండు

నీలిపూలు చూసి వెన్నదేవికూర అని రాసుకోవడంతోనే చాలాసార్లు కలుపు గుర్తింపు ముగిసిపోతుంది. అయితే ఆ పేరు కింద కమెలినా బెంగాలెన్సిస్, కమెలినా డిఫ్యూజా అనే రెండు జాతులు కలిసిపోయే అవకాశముంది. రెండింటి పూలూ నీలమే కనుక రంగు నిర్ణాయక లక్షణం కాదు.

1753లో లిన్నేయస్ వర్ణించిన బెంగాలెన్సిస్‌కు పత్రాలు వెడల్పుగా అండాకారంలో ఉంటాయి. ఆకు ఒర అంచున తరచుగా ఎర్రని నూగు కనిపిస్తుంది. పూగుత్తిని కప్పే దొప్ప అడుగున అంచులు అతుక్కొని గరాటును పోలి ఉంటుంది. డిఫ్యూజా పత్రాలు సన్నగా బల్లెపు ఆకారంలో ఉంటాయి. దొప్ప అంచులు విడివిడిగా ఉంటాయి. ఆకు వెడల్పు కంటే దొప్ప లక్షణమే నమ్మదగినది.

ఈ భేదం వర్గీకరణ శాస్త్రానికే పరిమితం కాదు. బెంగాలెన్సిస్ భూగర్భ కాండాలపై విచ్చుకోని పూలు పూసి, నేలలోనే విత్తనం కడుతుంది. డిఫ్యూజాకు ఆ స్వభావం లేదు. పైమొక్కను కోసినంత మాత్రాన బెంగాలెన్సిస్ అదుపులోకి రాదు. జాతిని నిర్ధారించని ప్రయోగ ఫలితాన్ని మరో పొలానికి సిఫారసు చేయడం సమంజసం కాదు.

కాబట్టి కలుపు నివారణ ప్రయోగాలలో జాతి పేరుతోపాటు దొప్ప వర్ణన, హెర్బేరియం నమూనా తప్పనిసరి కావాలి. విద్యార్థులు మొక్కను తెంపి కాక, వేళ్లతో సహా పెకలించి పరిశీలించడం అలవరచుకోవాలి.