ఈస్టు పట్టిన విషం ఎక్కడికి పోతుంది?

గూడెంలో ఒక ఫిల్టరు మిషను పెట్టి, ఫోటో దిగి వెళ్లిపోతే గని చేసిన పాపం కడుక్కుపోతుందా? నీళ్లలోని సీసం లాంటి భారలోహాలను ఈస్టుతో తీసేయొచ్చని ఇప్పుడు గొప్పగా చెబుతున్నారు. ఆ సైన్సు అబద్ధం కాదు. మన పిల్లలకు దాన్ని ముందుగా మనమే చెప్పాలి.

మన జీలుగు కల్లును పులియబెట్టేది ఈస్టే. (కల్లు తాగే జాతి అని మనల్ని వెక్కిరించినవాళ్లు ఇదీ వినాలి.) ఈస్టు కణం గోడ మీద రుణావేశం ఉంటుంది. ధనావేశం ఉన్న సీసం అయాన్లు వచ్చి దానికి అతుక్కుంటాయి. ఈస్టు బతికి ఉండాల్సిన పని కూడా లేదు. ఒక గ్రాము ఎండు ఈస్టు 12 మిల్లీగ్రాముల దాకా సీసాన్ని పట్టగలదని, అదీ ఐదు నిమిషాల లోపేనని అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు 2021లో చూపించారు. సీసం అయాను చాలా చిన్నది, మామూలు వడపోత పొర రంధ్రాల్లోంచి జారిపోతుంది. ఈస్టు కణం పెద్దది కాబట్టి సీసంతో సహా పొర దగ్గరే ఆగిపోతుంది.

ఆగింది సరే, మాయమైందా? లోహం కాలి బూడిదైపోదు, కుళ్లి మట్టైపోదు. ఆ ఈస్టు ముద్దను వాగు గట్టున పారేస్తే తొలకరికి మళ్లీ మన కుండలోకే వస్తుంది. ఆమ్లంతో కడిగి ఈస్టును మళ్లీ వాడొచ్చంటారు. అప్పుడు సీసమంతా ఆ కడిగిన నీళ్లలో ఉంటుంది. దాని మాట ఎవరూ ఎత్తరు.

ఒడిశాలోని సుకిందా లోయను చూడండి. మన దేశపు క్రోమైట్‌లో అత్యధిక భాగం అక్కడిదే. అక్కడి ఆదివాసులు వాడుకునే దమ్‌సల వాగులో విషపు క్రోమియం కలిసింది. ఆ క్రోమియం నీళ్లలో రుణావేశంతో ఉంటుంది. అందుకే సీసానికి చెప్పిన లెక్క దానికి అతకదు. ఒకే మిషను అన్ని విషాలకూ మందు అనేవాడిని తరగతి గదిలోనైనా, గ్రామసభలోనైనా నిలదీయాల్సిందే.

ఈస్టు పొట్లం తెచ్చి కుండలో కలిపి తాగమని మేం చెప్పడం లేదు. అలా ఎవరూ చేయొద్దు. మేం అడిగేది వేరు. ఈస్టునో, పొరనో గని నీళ్లు బయటికొచ్చే గొట్టం దగ్గర పెట్టండి, గనివాళ్ల ఖర్చుతో పెట్టండి. మన బోరు దగ్గర పెట్టి, కరెంటు బిల్లు పంచాయతీ నెత్తిన వేసి, దానికి దానం అని పేరు పెట్టొద్దు. తాగేనీళ్లలో సీసం లీటరుకు 0.01 మిల్లీగ్రాము దాటకూడదని మన దేశ ప్రమాణమే చెబుతోంది. ప్రతి వాగుకూ ఆ పరీక్ష చేసి, ఫలితాన్ని బడి గోడ మీద రాయాలి.

1996 పెసా చట్టం మనకు గ్రామసభ ఇచ్చింది. మిషను కావాలని అక్కడ చేతులెత్తే ముందు, ఆ ముద్ద ఏ లారీలో, ఎవరి బాధ్యత మీద, ఏ చోటికి పోతుందో తీర్మానంలో రాయించండి.